పూతకాలంలో తోడల్లుళ్లు

బేరి తోట యజమానికి ఊళ్లో ఒక పేరుంది: నాకుతెలుసు గారు. ఆయన ముందు ఎవరు ఏ సంగతి ఎత్తినా, వాన కబురైనా మోకాళ్ల నొప్పైనా, సగం మాటలోనే అందుకుని "నాకు తెలుసు" అనేవాడు. ఒకసారి పోస్ట్‌మ్యాన్ సైకిల్ దిగి, పొరపాటున ఈ వీధికొచ్చానండీ అని మొదలుపెడితే, అప్పుడు కూడా అదే మాట అన్నాడట. తనకు అలాంటి పేరు పెట్టారని మాత్రం ఆయనకు తెలియదు. ఈ లోకంలో ఆయనకు తెలియదని అందరూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

ఇంటివాళ్లకు ఆయన పెద్దల్లుడు. అత్తగారికి ఇద్దరే కూతుళ్లు. పెద్దమ్మాయిని ఈయన చేసుకున్నాడు. చిన్నమ్మాయిని తేనెటీగలు పెంచే ఆయన చేసుకున్నాడు. రెండిళ్లకూ మధ్య సైకిల్ మీద పావుగంట దూరం. అక్కాచెల్లెళ్లు రోజుకు రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకునేవారు. తోడల్లుళ్లిద్దరూ మాట్లాడుకుని మాత్రం ఆరేళ్లయింది.

పోయినేడు పూత రాలిన పది రోజులకు తోటలో పడమటి వరుసల్లో కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. ఎవరో కొవ్వొత్తితో ఒక్కొక్క రెమ్మనూ కాల్చి వదిలేసినట్టు ఆకులు మాడిపోయి, రాలకుండా అక్కడే వేలాడాయి. లేత చిగుళ్లు గొడుగు పిడిలా కిందికి వంగిపోయాయి. బెరడు మీద జిగురు చుక్కలు కారాయి. ఆ చుట్టుపక్కల రైతులు దాన్ని మాడు తెగులంటారు. కంటికి కనపడని బ్యాక్టీరియా పువ్వు లోంచి దూరి, కొమ్మలోకి దిగి, కాండం దాకా పోతుంది. పెద్దల్లుడు కత్తెర పట్టుకుని బయల్దేరాడు. మొదటి చెట్టుకు జబ్బు కొమ్మ కోశాడు. అదే కత్తెరతో రెండో చెట్టుకు కోశాడు. అలా సాయంత్రానికి నూట ఇరవై చెట్లకు వైద్యం చేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. నెల తిరిగేసరికి ఆ నూట ఇరవై చెట్లకూ తెగులు పాకింది. నలభై మూడింటిని వేళ్లతో సహా పెకలించి తగలబెట్టాల్సి వచ్చింది. ఆ మంట ముందు నిలబడి ఆయన తేల్చిందేమంటే, పాతికేళ్ల కిందట నర్సరీవాడు నాసి మొక్కలు అంటగట్టాడని.

ఈ ఏడాది మొగ్గలు ఉబ్బే వేళకు ఆయన భార్యే వ్యవసాయ శాఖకు ఫోన్ చేసింది. మర్నాడు రబ్బరు బూట్లు వేసుకుని, మెడలో భూతద్దం వేలాడేసుకుని ఒక అమ్మాయి వచ్చింది. మొక్కల డాక్టరమ్మ. వయసు ముప్పై కూడా ఉండదు. తోటంతా తిరిగి, బెరడు పగుళ్లు గోరుతో గీకి చూసి, వంటింట్లో బల్ల ముందు కూర్చుని మొట్టమొదట అడిగిన ప్రశ్న: పోయినేడు ఒక్కో కోతకూ కత్తెర స్పిరిట్లో ముంచి తుడిచారా అని.

పెద్దల్లుడు నాకు తెలుసు అనబోయి, అది ఈ ప్రశ్నకు జవాబు కాదని గ్రహించాడు. స్టవ్ దగ్గరున్న భార్య ఇటు తిరగకుండానే, తుడవలేదమ్మా అంది.

డాక్టరమ్మ ఏమీ దెప్పలేదు. ఇదివరకు కొట్టే యాంటీబయాటిక్ మందు ఇక కుదరదని చెప్పింది. మనుషుల జ్వరానికి వాడే రకం మందును ఏళ్ల తరబడి చెట్లకు కొట్టీ కొట్టీ, బ్యాక్టీరియాకు అది టీ నీళ్లలా అలవాటైపోయిందట. ఇప్పుడు వేరే దారి ఉందని, సంచిలోంచి గోధుమపిండిలా ఉన్న పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదీ బ్యాక్టీరియానే అండీ. కానీ మంచిది. అది చెడ్డదానితో కుస్తీ ఏమీ పట్టదు. దానికంటే ముందెళ్లి పువ్వులో కూర్చుంటుంది, అంతే. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు. తర్వాత వచ్చినదానికి నిలబడటానికి కూడా చోటుండదు."

"నాకు తెలుసు," అన్నాడు పెద్దల్లుడు. ఆ సంగతి ఆయన వినడం అదే మొదటిసారి.

చిక్కల్లా ఆ పొడిని పువ్వులోకి చేర్చడంలో ఉంది. పూలన్నీ ఒకేరోజు విచ్చుకోవు. పది రోజుల పాటు రోజూ కొన్ని విచ్చుకుంటాయి. విచ్చుకున్న ప్రతి పువ్వులోకీ అదేరోజు పొడి వెళ్లాలి. ట్రాక్టర్ మీద కొడదామంటే వానలకు తోట నేల చెప్పుల్ని కూడా లాగేసుకునేంత మెత్తగా ఉంది. అందుకని ఈ పనికి తేనెటీగల్ని మించిన కూలీలు లేరంది డాక్టరమ్మ. పెట్టె గుమ్మానికి చిన్న అర ఒకటి బిగించి అందులో పొడి పోస్తే, బయటికెళ్లే ప్రతి ఈగా అందులోంచి నడిచి, కాళ్లకు పూసుకుని, పువ్వు పువ్వుకూ చేరవేస్తుంది. లోపలికొచ్చే దారి వేరే ఉంటుంది.

"మీకు తెలిసినవాళ్లలో తేనెటీగలు పెంచేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

పెద్దల్లుడు పైకప్పు వంక చూశాడు. ఆయన భార్యకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

ఆరేళ్ల కిందట జరిగిందిది. పెద్దల్లుడు రెండుసార్లు మందు కొట్టడం ఎందుకని, తెగులు మందులోనే పురుగుల మందు కూడా కలిపేసి, నిండు పూతలో, మిట్టమధ్యాహ్నం, ఈగలన్నీ చెట్ల మీదున్న వేళ కొట్టాడు. మర్నాడు చిన్నల్లుడి పెరట్లో పెట్టెల ముందు చచ్చిన ఈగలు నల్లావాలు ఒలికినట్టు పడి ఉన్నాయి. చిన్నల్లుడు స్వతహాగా మితభాషి. ఆయన వాటిని చేటతో ఎత్తి, ఒక రేకు డబ్బాలో పోసి, ఆదివారం అత్తగారింట్లో భోజనాల బల్ల మీద పెద్దల్లుడి పళ్లెం పక్కన పెట్టాడు. అందరూ పెద్దల్లుడి వంక చూశారు. తప్పయిందని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. ఆయన డబ్బాలోకి తొంగి చూసి, "పాపం, వయసైపోయినట్టుంది" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆరేళ్ల మౌనం. అప్పటినుంచి కుటుంబం ఎక్కడ కలిసినా అత్తగారు ఇద్దరల్లుళ్ల మధ్య కూర్చోవాల్సి వచ్చేది. ఉప్పు ఇటు ఇమ్మని చెప్పండత్తయ్యా అని ఒకరు, అయిపోయిందని చెప్పండత్తయ్యా అని ఒకరు.

కాబట్టి చిన్నల్లుడి దగ్గరికి వెళ్లే ప్రసక్తే లేదని పెద్దల్లుడు ఆ సాయంత్రమే ప్రకటించాడు. లోకంలో తేనెటీగలు ఆయన ఒక్కడి దగ్గరే ఉన్నాయా? డైరీ తెరిచి వరసగా ఫోన్లు చేశాడు. మొదటాయన పెట్టెలన్నీ ఎప్పుడో ఖాయమైపోయాయన్నాడు. రెండో ఆయన తోట ఎక్కడని అడిగి, చెప్పగానే పక్కనెవరితోనో "ఆయనేనే" అని ఫోన్ పెట్టేశాడు. మూడో ఆయన మర్యాదస్తుడు. విషయం విడమరచి చెప్పాడు. తేనెటీగల పెంపకందార్ల సంఘం ఆఫీసులో గోడకు ఒక కాగితం అంటించి ఉందట. పెట్టెలు పంపకూడని తోటలు అని పైన రాసి ఉంటుందట. కింద ఒకే ఒక్క పేరుందట.

"సంఘం పెట్టిందెవరు?" అని అడిగాడు పెద్దల్లుడు.

"మీ తోడల్లుడేనండీ," అన్నాడాయన.

అయినా ఆయన తగ్గలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఈగ చేసే పని మనిషి చేయలేడా అన్నాడు. పడమటి వరుసలో తొలిపూత విచ్చుకోగానే, గోడలకు రంగులేసే సన్న బ్రష్షొకటి, గిన్నెలో పొడి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఒక్కొక్క పువ్వునూ ముద్దుగా తడుతూ పోయాడు. భార్య కింద నిచ్చెన పట్టుకుంది. మధ్యాహ్నానికి ఆయన మెడ పట్టేసింది, చేయి తిమ్మిరెక్కింది, ముక్కునిండా పొడి చేరింది, ఒక చెట్టులో సగం పూర్తయింది. మిగిలినవి ఐదు వందల తొంభై తొమ్మిదిన్నర చెట్లు. ఈ లెక్కన తోటంతా అయ్యేసరికి వచ్చే ఏడాది పూత కూడా రాలిపోతుందని భార్య నెమ్మదిగా అంది. ఆయన జవాబు చెబుదామని మెడ తిప్పబోయి, అది తిరగక, అటే చూస్తూ ఉండిపోయాడు.

ఇంట్లో అప్పటికే కబురు అటూ ఇటూ నడుస్తోంది. అక్క చెల్లెలికి చెప్పింది. చెల్లెలు మొగుడికి చెప్పింది. ఆయనేమన్నాడని అక్క అడిగితే, ఏమీ అనలేదే, టోపీ తీసి బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు అంది చెల్లెలు. చివరికి కబురు అత్తగారికి చేరింది. ఆవిడ రెండిళ్లకూ మధ్యలో, టైలర్ షాపు పైన మేడ మీద ఉంటుంది. ఎనభై ఆరేళ్లు. తనకు అవసరం లేని మాటలేవీ వినపడవు. మెడకు పట్టీ కట్టుకున్న పెద్దల్లుణ్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆయన, గాలి గురించీ, మందు డబ్బా మీద అక్షరాల సైజు గురించీ చెప్పుకుంటూ పోయాడు. ఆవిడకు ఒక్క ముక్కా వినపడలేదు.

"చూడు నాయనా," అంది ఆయన ఆపాక. "ఆరేళ్లనుంచి మీ ఇద్దరి ఉప్పూ కారం అందించడంతోనే సరిపోతోంది నాకు. నా భోజనం చల్లారిపోతోంది. నేను పోయేలోపు ఒక్కసారైనా వేడిగా తినాలనుంది. వెళ్లి మాట్లాడు."

వెళ్లాడు.

మరదలు తలుపు తీసి, రండి బావగారూ అని నవ్వాపుకుంటూ పెరటి వైపు చూపించింది. చిన్నల్లుడు ఈగల్ని శాంతింపజేసే పొగడబ్బా పట్టుకుని పెట్టెల మధ్య వంగి ఉన్నాడు. తలెత్తి చూశాడు. పలకరించలేదు, పొమ్మనలేదు. మేకుకు తగిలించి ఉన్న చొక్కా, వలముసుగు తీసి ఇచ్చాడు. అది మరదలి చొక్కా. పెద్దల్లుడికి బొత్తాలు పొట్ట దాకా వచ్చి ఆగిపోయాయి. ముసుగు అంచుకూ చొక్కా కాలరుకూ మధ్య అరచేయంత సందు మిగిలింది. మెడ పట్టీ వల్ల ఆయన కిందికి చూసుకోలేకపోయాడు.

"ఆ రోజు గాలి ఇటు మళ్లుతుందని రేడియోలో చెప్పలేదు," అని మొదలుపెట్టాడు.

చిన్నల్లుడు చేతిలో ఉన్న మూత పెట్టెకు వేసేసి, తర్వాతి పెట్టె దగ్గరికి నడిచాడు. పెద్దల్లుడు వెనకాలే వెళ్లి, మందు డబ్బా మీద అక్షరాలు మరీ సన్నగా ఉంటాయన్నాడు. చిన్నల్లుడు మూడో పెట్టె దగ్గరికి నడిచాడు. చూడబోతే ఇందులో ఇద్దరి తప్పూ ఉన్నట్టే కదా, పూతకాలంలో ఈగల్ని బయటికి వదలడం కూడా అంటూ పెద్దల్లుడు చేతులు ఊపుకుంటూ వాదన మంచి పట్టులో ఉండగా, ఒక ఈగ ఆ సందులోంచి ముసుగులోకి వచ్చింది. దాన్ని ఊది పంపిద్దామనుకున్నాడు. అది పైపెదవి మీద వాలి కుట్టింది. ముసుగు ఎత్తి తోలబోతే ఇంకొకటి వచ్చి కింది పెదవి మీద కుట్టింది.

రెండు నిమిషాల్లో పెదాలు రెండూ పొంగి, మూతి గుమ్మడికాయ అయింది. చిన్నల్లుడు పొగడబ్బా కింద పెట్టి, ఆయన్ని పెట్టెలకు దూరంగా నడిపించుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు. ముల్లు పిండకూడదు, గీకాలి. గోటితో మెల్లిగా రెండు ముళ్లూ గీకి తీశాడు. తడిగుడ్డ తెచ్చి పెదాల మీద పెట్టాడు. ఆ చేతులు ఎంత జాగ్రత్తగా ఉన్నాయంటే, పెద్దల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్లనో, మరి దేనివల్లనో. ఆరేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట అప్పుడు పైకొచ్చింది. తీరా అది వచ్చేసరికి పెదాలు కలవడం లేదు.

"తన్నుడూ," అన్నాడు.

చిన్నల్లుడు తల వంచి శ్రద్ధగా విన్నాడు. "తన్నుడా? ఎవర్ని తన్నాలి?"

"తన్నుడూ... తత్తు నాదే. నేనే చంకాను."

"చంకలో కూడా కుట్టిందా?"

పెద్దల్లుడు గట్టిగా తల అడ్డంగా ఊపబోయి, మెడ కలుక్కుమనడంతో ఆగిపోయాడు. కిటికీ అవతల మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. చిన్నల్లుడి మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు. ఆయనకు మొదటిసారే అర్థమైందని, ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట ఒక్కసారి వినడంతో తనివి తీరక మళ్లీ మళ్లీ చెప్పించుకుంటున్నాడని పెద్దల్లుడికి తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మాత్రం ఆయన లేచి, పెట్టెలకు నంబర్లు వేసే మార్కర్ అందుకుని, పక్కనున్న ఖాళీ పెట్టె మూత మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: అవి వయసైపోయి చావలేదు. నేనే చంపాను. తప్పు నాది.

చిన్నల్లుడు ఆ మూతను రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకు తిప్పి చదివాడు. చాలాసేపు చదివాడు. ఉన్నవి మూడు ముక్కలే.

"సంతకం పెట్టన్నయ్యా," అన్నాడు.

పెట్టాడు. చిన్నల్లుడు మూతను గోడకు ఆనించి, పూత ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

మర్నాడు డాక్టరమ్మ అరలూ పొడీ పట్టుకొచ్చింది. చిన్నల్లుడు ఆ పొడిని వాసన చూసి, వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇది నా ఈగలకు ఏమీ చేయదని నమ్మకమేంటని అడిగాడు. ఆమె పరీక్షల కాగితాలు తీయబోయింది. కాగితాలు వద్దమ్మా, ముందు అన్నయ్యను నాకమనండి అన్నాడు. అది తినే వస్తువు కాదు గానీ, నాకినంత మాత్రాన ప్రమాదమూ లేదంది డాక్టరమ్మ. పెద్దల్లుడు ఒక్క ముక్క మాట్లాడకుండా, మాట్లాడే వీల్లేక, వేలు ముంచి వాచిన పెదాల సందులోంచి నాలుక మీద రాసుకున్నాడు. చిన్నల్లుడు గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఆగి, అప్పుడు అర బిగించాడు.

ఎనిమిది పెట్టెలు తోట నడుమ దించారు. ఈగలు గుమ్మంలోకొచ్చి, పొడిలో నడిచి, తెల్లటి మేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లు తెల్లగా చేసుకుని ఎగిరాయి. పెద్దల్లుడూ ఆయన భార్యా చేతులు కట్టుకుని ఆ దృశ్యం చూశారు. రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ చెట్ల నుంచి ఇరవై పూలు, కంచె అవతలి నుంచి ఇంకో ఇరవై పూలు కోసుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లింది. అక్కడినుంచి ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో ఇబ్బంది వినపడింది. బేరి పూలు ఇరవైలో మూడింటికే పొడి అందిందట. కంచె అవతల పక్కాయన ఆవాల చేను ఉంది, పసుపుపచ్చగా విరగబూసి. అక్కడి పూలు ఇరవైలో పదిహేడింటికి అందిందట.

"మీ పక్కాయన ఆవాలకు మాత్రం ఇక మాడు తెగులు భయం లేదండీ," అంది. "అసలు ఆవాలకు ఆ తెగులు రాదనుకోండి."

పెద్దల్లుడు చిన్నల్లుడి వైపు తిరిగాడు. ఆయన కళ్లు, నీ ఈగలు నన్ను మోసం చేశాయి అన్నాయి. నోరు ఏమీ అనలేదు. అదే మేలైంది, ఎందుకంటే చిన్నల్లుడు ఆలోచిస్తున్నాడు. కాసేపటికి, పెళ్లయ్యాక ఎన్నడూ మాట్లాడనంత పొడుగ్గా మాట్లాడాడు.

"బేరి తేనె పలచన అన్నయ్యా. ఈగకు అంత రుచించదు. కొత్త ఊరికొచ్చిన మనిషి మొదటిరోజు దగ్గరున్న హోటల్లోనే తింటాడు. మూడో రోజుకి మంచి హోటలెక్కడుందో కనుక్కుంటాడు. వీటిక్కూడా ఆవాల చేను తెలిసిపోయింది. వీటిని తీసేసి కొత్తవాటిని తెద్దాం. అవి కనుక్కునేలోపు వాటినీ మార్చేద్దాం."

అలా మొదలైంది. ఇరవై నాలుగు పెట్టెల్ని మూడు జట్లుగా చేశారు. రెండ్రోజులకొకసారి, తెల్లారీ తెల్లారకముందే, ఈగలు ఇంకా గుమ్మం దాటకముందే ఒక జట్టును వ్యాన్లోకి ఎక్కించి దూరంగా దించి రావడం, ఇంకో జట్టును తోటలోకి తేవడం. పెట్టెను ఒక్కరు మోయలేరు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, ఒకే అడుగు వేయాలి. మొదటిరోజు పెద్దల్లుడు ఎడమకాలు వేస్తే చిన్నల్లుడు కుడికాలు వేశాడు. పెట్టె అటూ ఇటూ ఊగి, లోపలినుంచి ఘూమని ఒక హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత ఇద్దరికీ అడుగు కలిసింది.

పెద్దల్లుడి పెదాల వాపు తీయడానికి వారం పట్టింది. ఆ వారంలో వ్యాన్ ఎక్కినప్పుడల్లా ఆయన వినడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో తోడల్లుడు చెప్పేది చివరిదాకా వినడం అదే మొదలు. చిన్నల్లుడు కూడా, ఎదుటివాడు అడ్డుపడడని తెలిసేసరికి, గేరు మార్చినప్పుడల్లా ఒక్కో సంగతి చెప్పుకొచ్చాడు. ఈగలు చచ్చిన ఏడాది పెట్టెల్లో సగం పైగా ఖాళీ అయిపోతే రెండేళ్లు బేకరీ వ్యాన్ నడిపాడట. మిగిలిన ఈగలు కూడా పోతాయేమోనని రోజూ పొద్దున్నే పెట్టెకు చెవి ఆనించి వినేవాడట. పెద్దల్లుడికి ఆ బేకరీ వ్యాన్ గుర్తొచ్చింది. రోడ్డు మీద చాలాసార్లు ఎదురొచ్చింది. నడిపేవాడు మొహం తిప్పుకున్నాడని, ఎంత పొగరో అని ఇంటికొచ్చి భార్యతో అన్నాడు కూడా. ఈగలు పోయి కడుపుకోసం నడుపుతున్నాడని ఆయనకు తెలియదు.

ఎనిమిదోరోజు పొద్దున పెదాలు కలిశాయి. చిన్నల్లుడు వ్యాన్ ఆపి పెట్టె దించబోతూ, రాత్రి వాన పడింది కదా, ఇవాళ కాస్త ఆలస్యంగా తిరుగుతాయివి అన్నాడు. పెద్దల్లుడు అలవాటుగా నోరు తెరిచాడు. "నా..." అన్నాడు. ఆగాడు. "ఎందుకు?" అని అడిగాడు. చిన్నల్లుడికి చేతిలో పెట్టె జారినంత పనైంది.

పూత రాలింది. ఆ వెంటనే, భయపడినట్టే, వారం రోజులు ఉక్కపోత, జల్లులు. మాడు తెగులుకు అంతకంటే మంచి వాతావరణం ఉండదు. చుట్టుపక్కల తోటల్లో కొమ్మలు నల్లబడుతున్నాయని కబుర్లు వచ్చాయి. పెద్దల్లుడు రోజూ పొద్దుటా, సాయంత్రమూ వరుసలన్నీ తిరిగాడు. భార్య వెనకాలే స్పిరిట్ సీసా, గుడ్డ పట్టుకుని నడిచింది. మాడిన రెమ్మలు పంతొమ్మిది దొరికాయి, ఆరు వందల చెట్ల తోటలో. ఒక్కొక్కదాన్ని మాడిన చోటికి జానెడున్నర కిందికి కోసి, కత్తెర ముంచి, తుడిచి, మళ్లీ ముంచి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్లాడు. ఒకే కత్తెరను అన్నిసార్లు తుడవడం చూసి, పెళ్లిలో మంగళసూత్రం కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదని భార్య మెచ్చుకుంది. ఒక చెట్టుకు మాత్రం తెగులు కాండంలోకి దిగిపోయింది. దాన్ని తీసేయక తప్పలేదు.

డాక్టరమ్మ వచ్చి అంతా చూసి, పుస్తకంలో రాసుకుంది. ఈగల పొడి బాగా పనిచేసిందని చెప్పింది. అయితే అంతా దాని గొప్పే అనడానికి లేదని, శుభ్రంగా కోయడం వల్ల కొంత, పోయినేడు జబ్బు చెట్లు తీసేయడం వల్ల కొంత, అదృష్టం వల్ల కొంత అని కూడా చెప్పింది. పెద్దల్లుడికి ఆ 'కొంత'లు అంతగా నచ్చలేదు. అయినా తల ఊపాడు. మెడ కూడా అప్పటికి బాగానే తిరుగుతోంది.

కాయలు కోసే రోజుల్లో ఒక ఆదివారం అందరూ తోటింట్లో కలిశారు. అత్తగారు వేడివేడిగా భోంచేసి లోపల నడుం వాల్చింది. వచ్చే ఏడాది పెట్టెలు ఎక్కడ దించాలన్న మాట వచ్చింది. వరుసకు రెండు చొప్పున పెట్టాలని పెద్దల్లుడు, నాలుగేసి గుంపుగా పెట్టాలని చిన్నల్లుడు. ఒకరు చెప్పేది ఇంకొకరు పూర్తిగా వింటున్నారు గనక వాదన ఎంతకీ తెగలేదు. కావాలంటే కొలిచి చూద్దాం రమ్మని ఒకరు, పద అని ఒకరు, టేపు పట్టుకుని ఇద్దరూ చెట్లలోకి వెళ్లిపోయారు. వాళ్లు మాట్లాడుకోని రోజుల్లో ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో కదా అని చెల్లెలు అంది. వరుసల చివరినుంచి ఇంకా గొంతులు వినపడుతూనే ఉన్నాయి. అక్క పిలిచి చూసింది, ఎవరూ పలకలేదు. నాలుగు కప్పుల టీ అక్కాచెల్లెళ్లే తాగేశారు.